చెమట చూసే మేడం

కరీంనగర్‌లో మేం వ్యాయామ విద్య చదివిన కాలేజీలో ఒక మేడం ఉండేవారు. పరుగెత్తేటప్పుడు, బరువులెత్తేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పడం ఆమె పాఠం. ఎండలో శ్రమపడేవాళ్ల ఒంటి వేడి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అందుకేనేమో, ఎవరు ఎదురైనా ముఖం కంటే ముందు మెడ చూసేవారు.

"చెమట కారుతున్నంతసేపు ఫికర్ లేదు. ఆరిందంటేనే భయపడాలె" అనేవారు.

ఒక ఎండాకాలం, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే ఆడపిల్లలకు మా గ్రౌండ్‌లో పరుగు సాధన పెట్టారు. మొదలయ్యేసరికే ఎండ ముదిరింది. చొప్పదండి నుంచి వచ్చిన ఒక పిల్ల అందరికంటే ముందుంది. మేం చప్పట్లు కొడుతున్నాం. మేడం మాత్రం గబుక్కున లేచారు.

"గా పిల్ల మెడ పొడిగున్నది. ఆపుండ్రి" అన్నారు కోచ్‌తో.

"ఇంక సగం రౌండే మేడం. ఫస్టొస్తది" అన్నాడాయన.

మేడం చెప్పులు విడిచి ట్రాక్ మీదికి ఉరికారు. ఆమె చేరేలోపే ఆ పిల్ల పరుగు ముగిసే గీతకు ఇవతలే కూలిపోయింది. అంత ఎండలోనూ వణుకుతోంది. మేం బకెట్లతో నీళ్లు పోస్తుంటే, మేడం ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నారు.

"గీత దాటిననా మేడం?"

"దాటినవ్ బిడ్డా. అందరికంటె ముందు నువ్వే దాటినవ్."

ఆసుపత్రిలో ఆ పిల్ల మళ్లీ కళ్లు తెరవలేదు. సాయంత్రం వాళ్ల బాపు వచ్చాడు. గోడకు ఆనుకుని, "ఎవ్వలు ఆపలేదా మేడం?" అని మెల్లగా అడిగాడు.

కోచ్ తల దించుకున్నాడు. మేడం ఆ తండ్రి కళ్లలోకి చూసి, "ఎవ్వలం ఆపలే అన్నా" అన్నారు.