ఖాళీ బాబిన్

కుట్టుపిన్ని అంత పిరికి మనిషి ఆ కొండ కింది ఊళ్ళో ఇంకొకరు లేరు. తలుపు చప్పుడైతే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి కట్టబెట్టిన మొగుడు, కొండమీది జాతీయ పార్కులో గైడు.

ఆ పార్కులో సరస్సుంది, జలపాతముంది, కానీ జనం ఎగబడేది మాత్రం అంచు నడకకి. నిట్టనిలువు కొండను ఒక మనిషి పట్టేంత తొలిచిన దారి అది. ఒకపక్క రాయి, ఇంకోపక్క లోయ. రాతికి బిగించిన ఇనప తీగకు నడుం బెల్టు కొక్కెం తగిలించుకుని నడవాలి. ఆ బెల్టుల కుట్లు ఊడితే మళ్ళీ కుట్టేది పిన్నే. కుట్టిన ప్రతి బెల్టునూ ఒక కొస కాలికింద తొక్కిపట్టి, రెండు చేతులా బలంకొద్దీ లాగి చూస్తేగానీ సంచిలో వేయదు.

గైడుగారికి ఒక అలవాటుంది. కట్టుకోవడమెలాగో చూపించడానికి సంచిలో పైనున్న బెల్టు తాను కట్టుకుంటాడు. తర్వాత ఒక్కడే అంచు మధ్యదాకా వెళ్ళి, లోయకు వీపు పెట్టి, రెండు చేతులూ వదిలేసి వెనక్కి వాలిపోతాడు. "మా ఆవిడ కుట్టింది, తెగదు" అంటాడు. జనం నవ్వుతారు, ధైర్యం చేసి నడుస్తారు. ఈ సంగతి ఎవరో చెవినేసిన రోజు పిన్ని అన్నం ముట్టలేదు. నీ కుట్టు మీద నీకే నమ్మకం లేదా అని ఆయన ఆటపట్టించాడు. ఏం మనిషో, ఆవిడ ఏడుస్తుంటే కూడా వేళాకోళమే.

ఆ పొద్దున ఆయన గుమ్మంలో నిలబడి ఒకటే తొందర. బయట బస్సు హారను కొడుతోంది. ఆఖరి బెల్టు ఇంకా మిషను కింద ఉంది. పిన్ని కుట్టు ముగించి, దారం తెంపి, సంచిలో పైన పడేసింది. లాగి చూడలేదు.

ఆయన వెళ్ళాక పిన్ని పక్కింటివాళ్ళ దిండు గలీబు కుట్టడానికి కూర్చుంది. అంచు పొడుగునా కుట్టి పైకి తీస్తే గుడ్డ రెండు ముక్కలుగా విడిపోయింది. మిషను రేకు జరిపి చూసింది. కింది దారం ఉండే బాబిన్ ఖాళీ.

కింద దారం లేకపోతే మిషను పైదారాన్ని ఊరికే పరుచుకుంటూ పోతుంది. చూపుకి కుట్టే, లాగితే ఊడొస్తుంది. గలీబుకు ముందు ఆవిడ కుట్టింది ఆ బెల్టే. నల్ల నవారు మీద నల్ల దారం, ఏం కనిపిస్తుంది? పిన్ని వెంటనే ఆయనకి ఫోను చేసింది. పార్కు గేటు దాటితే సిగ్నలుండదని తెలిసీ మళ్ళీ మళ్ళీ చేసింది. చివరికి ఇంటికి తాళమైనా వేయకుండా పరుగెత్తి, పార్కు చూడటానికి వెళ్ళేవాళ్ళ బస్సెక్కేసింది.

అది ఊరికే వెళ్ళే బస్సా? మలుపు మలుపుకీ ఆగుతుంది. సరస్సు దగ్గర ఆగింది. నీళ్ళల్లో కొండ తలకిందులుగా కనిపిస్తోందని జనం మురిసిపోతూ ఫొటోలు తీసుకున్నారు. తలకిందులైన కొండను చూడలేక పిన్ని మొహం తిప్పుకుంది. తొందరగా పోనీ బాబూ అని డ్రైవరును బతిమాలింది. జలపాతం చూడకుండా ఎవరైనా వెళ్తారా అని అతను నవ్వాడు. కారణం చెబుదామంటే, బస్సులో ఉన్న వాళ్ళందరూ కాసేపట్లో ఆ బెల్టులే కట్టుకుంటారు. చెబితే ఆయన ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఆయనే ఉండడు.

జలపాతం హోరు వినబడేసరికి లేచి డ్రైవరు పక్కన నిలబడింది.

"అంచు నడక బెల్టు కుట్టింది నేనే బాబూ. సరిగ్గా కుట్టలేదు. మా ఆయన దాన్ని నమ్ముకుని లోయలోకి వాలతాడు. నీకు దండం పెడతాను, ఆపకు."

డ్రైవరు ఇంకెక్కడా ఆపలేదు.

వెళ్ళేసరికి జనం దారి మొదట్లో నిలబడి ఉన్నారు. ఆయన అప్పటికే అంచు మధ్యలో ఉన్నాడు. పిలుద్దామని నోరు తెరిచి మూసుకుంది. తనను చూశాడంటే ఇంకా హుషారెక్కి, అదిగో మా ఆవిడ అంటూ వాలినా వాలతాడు. ఇంకో బెల్టు కట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా జనాన్ని తోసుకుని తీగ పట్టుకుంది. కిందనుంచి గాలి చీర కుచ్చెళ్ళను లాగుతోంది. కళ్ళు రాతి మీద నుంచి తిప్పలేదు. జీవితంలో అంత భయం ఆవిడ ఎప్పుడూ పడలేదు, అయినా అడుగు ఆగలేదు. ఆయన చేతులు వదలబోతుండగా చొక్కా రెండు పిడికిళ్ళతో పట్టేసుకుంది.

"వాలకండి. అది కుట్టు కాదు."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి ఆగాడు. కొక్కెం దగ్గర నవారు పట్టుకుని లాగాడు. దారం జర్రున ఊడి, బెల్టు కొస చేతిలోకి వచ్చేసింది. బాబిన్‌లో దారం అయిపోకముందు పడిన నాలుగు కుట్లే అంతవరకు దాన్ని పట్టుకుని ఉన్నాయి.

"పొద్దున వచ్చినవాళ్ళ ముందు ఒకసారి వాలాను" అన్నాడు మెల్లగా.

అని, అక్కడే రాతికి వీపు ఆనించి కూలబడిపోయాడు. ఎంత లేపినా లేవడు. లోయలోకి ఒకసారి చూసి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. చివరికి పిన్నే ఆయన చెయ్యి పట్టుకుని, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పుకుంటూ, ఒక్కో అడుగూ వేయించుకుని వచ్చింది.

ఆయన మళ్ళీ అంచు ఎక్కలేదు. ఇప్పుడు గేటు దగ్గర టికెట్లు చింపుతాడు. ఆయన ఆ కొండ దిగి రావాలని ఇన్నేళ్ళూ కోరుకున్న పిన్నికి, పక్కలో ఆయన ఉలిక్కిపడి లేచినప్పుడల్లా గుండె తరుక్కుపోతుంది. మొన్న వంటింట్లో బల్బు పోయింది. స్టూలు మీద ఒక కాలు పెట్టి ఆయన దించేశాడు. పిన్నే ఎక్కి మార్చింది. మార్చినంతసేపూ ఆయన కింద నిలబడి, ఆవిడ కాళ్ళు రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.