చేపు వచ్చేదాకా

ముదినేపల్లి వెంకట్రాజు గారి పాడి గురించి చెప్పాలంటే ముందు ఆయన బెట్టు గురించి చెప్పాలి. సొంత పొలం, పని మనుషులు ఉన్నా, గేదె పాలు ఇంకొకరి చేత పిండించింది లేదు. భార్య వీరరాఘవమ్మనైతే పొదుగు దరిదాపులకే రానిచ్చేవారు కాదు. ఆవిడ వంతల్లా పాలు కాచడం, తోడెయ్యడం, ఆయనతో మాటలు పడటం.

పాలు పిండే ముందు దూడను కాసేపు కుడవనివ్వాలి. గేదె చేపగానే, అంటే పొదుగులోకి పాలు దిగగానే, దూడను లాగి కట్టెయ్యాలి. తొందరపడితే పాలు దిగవు, ఆలస్యం చేస్తే దూడే తాగేస్తుంది. అందరూ దూడ మూతిన నురగ చూసి లాగుతారు. ఆయనకి చూడాల్సిన పనే ఉండేది కాదు, లోపలే తెలిసిపోయేది.

కిందటేడు చెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు ఏలూరు డాక్టరు. అయినా ఆయన చెంబు వదల్లేదు. ఈ వానాకాలం మాత్రం గేదె సరిగ్గా చేపడం లేదు. దానికి పొగరెక్కిందని, సంతకి తోలేస్తానని పట్టుబట్టారు. వీరరాఘవమ్మకి ఒకటే దిగులు. గేదె పోతే, పొద్దున్నే ఆయన లేవడానికి ఇంకేం మిగులుతుంది?

వట్లూరు కాలేజీలో జువాలజీ చెప్పే మేనకోడలు భార్గవి ఆదివారం వచ్చి, పాకలో నిలబడి అంతా చూసింది. తర్వాత వంటింట్లో అత్తకి మెల్లగా చెప్పింది. మెదడు లోపలెక్కడో కొన్ని కణాలు ఒకదాని తర్వాత ఒకటి మేలుకుంటూ, ఎంతసేపైందో మనకి తెలియజేస్తాయట. ఎలుకకైనా గేదెకైనా మనిషికైనా అంతేనట. చేతిని వణికించే జబ్బే ఆ అంచనానీ చెడగొడుతుందట.

“మావయ్య దూడని ముందే లాగేస్తున్నారత్తా. గేదె తప్పేం లేదు.”

ఆ మాట ఆయన చెవిన వేస్తే ఇక పాక గడప తొక్కరని ఆవిడకి తెలుసు. మర్నాడు కొంగు బిగించి, దూడ పలుపుతాడు తనే పట్టుకుంది. ఇదేం చోద్యం అన్నారాయన. వంటింట్లో ఉక్కగా ఉందంది. పాపం, ఆవిడకి అబద్ధమాడటం ఏనాడూ చేతకాలేదు.

“లాగు,” అన్నారాయన.

“ఇంకాసేపు ఉండండీ.”

మళ్లీ అన్నారు. ఆవిడ కదల్లేదు. దూడ మూతిన నురగ కనిపించాక అప్పుడు లాగింది. చెంబులో ధార పడింది.

ఆయన చెంబు నిండేదాకా పిండారు. తర్వాత తల తిప్పకుండానే, భార్గవి ఏమందని అడిగారు.

“గేదె తప్పు లేదందండీ.”

వెంకట్రాజు గారు గేదె డొక్కకి నుదురు ఆనించారు.

“అయితే రేపు కూడా నువ్వే చూసి లాగు.”