హన్నా తుప్పు రంగులు

హన్నా బొమ్మలు వేసేది మేడమీద రేకుల గదిలో. విజయవాడ పటమటలో వాళ్ల ఇంటిపైన పాత సామాన్ల కోసం కట్టిన గది అది. పెళ్లైన కొత్తలో ఆమె భర్త పాల్ ఆ సామాన్లన్నీ కిందికి దించి, ఉత్తరపు గోడకు కిటికీ పెట్టించి, "ఇక నీ ఇష్టం" అన్నాడు. రేకులు కాలకముందే, పొద్దున్నే ఆమె పైకి చేరేది. హార్డ్‌బోర్డుకు సుద్దా జిగురూ కలిపి పూసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, పాత చీర పేలికలు ఒళ్లో వేసుకుని కూర్చునేది. బడివేళ అయ్యేదాకా లోకం తెలిసేది కాదు. ఒక ప్రైవేటు బడిలో ఆమె డ్రాయింగ్ టీచరు.

ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లకు కృష్ణా, కొండా కనబడతాయి. హన్నా కంటికి ఆనింది లారీలు బాగుచేసే షెడ్ల ఆటోనగర్. బడికి వెళ్లే బస్సు ఆ దారిన పోయేది. రంగు ఊడిన బానెట్లు, వానకు నానుతున్న లారీ ఛాసిస్‌లు, గుంటల్లో నీళ్లమీద తేలే డీజిలు పొరలు. వాటినే చూస్తూ వెళ్లి, వాటినే వేసేది. పాల్‌కు అక్కడే పాత స్పేర్‌పార్టుల కొట్టు ఉంది. సాయంత్రం ఏదో ఒక ముక్క సంచిలో వేసుకొచ్చేవాడు. "ఇది చూడు, రెండు వానాకాలాలు తిన్నది," అని బల్లమీద పెట్టేవాడు. చర్చిలో పెద్దామె ఒకరు, "ప్రభువు బొమ్మ వేయకూడదా అమ్మా, ఈ ఇనప ముక్కలేంటి?" అని అడిగితే హన్నాకు బదులు అతనే చెప్పాడు. "ప్రభువుని వేసేవాళ్లు చాలామంది ఉన్నారండీ. వీటినెవరు వేస్తారు?"

ఆ మధ్య గవర్నర్‌పేటలో ఒక హాల్లో టీచర్లందరూ కలిసి బొమ్మల ప్రదర్శన పెట్టారు. హన్నా బోర్డు ముందు తోటి టీచరు ఉషశ్రీ చాలాసేపు నిలబడింది.

"కింద ఆ మూల అలా ఖాళీగా వదిలేశారు చూడండి, అది భలే ఉంది మేడమ్," అంది.

హన్నా నవ్వి ఊరుకుంది. అందరూ వెళ్లాక దగ్గరికి పోయి, తల వంచి, పక్కకు తిప్పి చూసింది. నిజమే. సుద్దపూత తెల్లగా అలాగే ఉంది. ఆ మూల తను వదల్లేదు. నిండా రంగు వేశాననుకుంది.

కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, గ్లాకోమా, నీటికాసులని చెప్పాడు. లోపలి నరం ఏనాటినుంచో ఎండిపోతోందట. "పోయిన చూపు రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవడానికే ఈ చుక్కలు." చుక్కలు వేసుకుంది, లేజరు చేయించుకుంది, ఆపరేషనూ అయింది. ఉన్నది కూడా అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూనే వచ్చింది. బడి మానేసింది. రంగులు ఒకదాన్నుంచి ఒకటి విడిపడటం మానేశాయి.

అయినా పైకి వెళ్లేది. పాల్ కొట్టు ఆలస్యంగా తెరుస్తూ పక్కన కూర్చునేవాడు. అతనికి రంగుల పేర్లు రావు. ఆమె రంగు కలిపి అడిగేది.

"ఇదెలా ఉందండీ?"

"కాలిన సైలెన్సర్‌లా."

"మరి ఇది?"

"కొత్త బ్రేక్ షూ. కాదు, కొంచెం వాడింది."

ఆమెకు అర్థమయ్యేది. కొన్నాళ్లు అలా జరిగింది. ఆ కొన్నాళ్లలో ఒకటి రెండుసార్లు హన్నా నవ్వింది కూడా.

చివరికి కొట్టుముందు వాన నీళ్లగుంట వేయాలని కూర్చుంది. నీళ్లమీద నూనె పొర, అందులో నీలం, ఊదా, పసుపు. బస్సు కిటికీలోంచి ఎన్నేళ్లో చూసిన పొర అది. కళ్లు మూసుకుంటే స్పష్టంగా ఉంది. వారమంతా పాల్ ట్యూబులు అందిస్తూనే ఉన్నాడు. పూర్తయిందనిపించాక కుంచె దించింది.

"చెప్పండి."

"బాగుంది."

"బాగుందో లేదో కాదు. ఏ రంగులున్నాయి?"

పాల్ బోర్డుకేసి మళ్లీ చూశాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు. కానీ ఇన్నాళ్లూ ఆమె తన మాటమీదే రంగు వేసింది.

"ఒకటే ఉంది హన్నా. బురద రంగు. అన్నీ కలిసిపోయాయి."

హన్నా తల ఊపింది. చేతులు పేలికకు తుడుచుకుంది, వేళ్ల సందులు కూడా. తర్వాత గోడ పట్టుకుని మెట్లు దిగింది. పాల్ ట్యూబుల మూతలు ఒక్కొక్కటే బిగించాడు.

ఆమె మళ్లీ పైకి వెళ్లలేదు. రెండు మూడు నెలలు చూసి, ఆ గది కొట్టు సరుకు పెట్టుకోవడానికి వాడుకోమని తనే చెప్పింది. అతను వద్దన్నాడు. ఆమె వినలేదు. ఒకరోజు కూలీలు బేరింగుల పెట్టెలు, లారీ కమాను కట్టలు మోసుకెళ్తుంటే హన్నా వరండాలో కూర్చుని ఆ చప్పుడు వింటోంది.

మెట్లమీద నుంచి పాల్ అడిగాడు. "నీ బొమ్మల స్టాండు ఎక్కడ పెట్టమంటావు?"

"ఎక్కడైనా పెట్టండి. వాళ్లకు అడ్డం లేకుండా," అంది.