సంచిలో మోగని ఫోను

ఈ ఉదయం తిరుపతిలోని నా షాపులో కొత్త మోడల్ ఫోను పెట్టె తెరిచి, తెర మీది ప్లాస్టిక్ పొర లాగాను. ఆ చర్రుమనే చప్పుడు, వెంటనే ముక్కుకు తగిలే జిగురు వాసన నాకు పడవు. కొనేవాళ్లకు సంబరంగా ఉండే ఆ క్షణంలో నాకు మునిరత్నం సార్ గుర్తుకొస్తారు. సిగ్గుతో తల దించుకోవాలనిపిస్తుంది.

చిత్తూరు కోర్టు దగ్గర ఆయనకు సెల్‌ఫోన్ల షాపు ఉండేది. డిగ్రీ అయ్యాక నేను అమ్మకాల పనిలో చేరింది అక్కడే. కొత్త మోడల్ ఏది వచ్చినా ఆయన ముందు తన సిమ్ము అందులో వేసుకుని పది రోజులు తిరిగేవారు. బస్సులో మాట్లాడేవారు, తడి చేత్తో నొక్కేవారు, తెలుగులో మెసేజ్ కొట్టి ఒత్తులు చెదురుతున్నాయేమో చూసేవారు. మామిడి మండీలో పెరిగిన మనిషి కదా, "పైన రంగొచ్చింది గానీ లోపల ఇంకా పచ్చిగా ఉండాదిమ్మా" అంటూ ఫోన్లను కూడా కాయల్లాగే తిప్పి తిప్పి చూసేవారు. నాకదంతా చాదస్తంగా తోచేది. పక్క షాపువాళ్లు బెలూన్లు కట్టి అమ్ముతుంటే మేం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం నామోషీగా ఉండేది.

ఒకసారి అందరూ ఎదురుచూస్తున్న మోడల్ ఒకటి వచ్చింది. విడుదలకు ముందే మాకు ఒకటి ఇచ్చారు. మూడో రోజుకే సార్ లోపం పట్టేశారు. సంచిలో పెడితే అది ఒక్కోసారి మోగడం మానేస్తోంది. కంపెనీ మనిషిని అడిగితే, పదిహేను రోజుల్లో అప్‌డేట్ వస్తుంది, అంతా సర్దుకుంటుంది అన్నాడు.

"అంతదాకా ఎవురొచ్చినా ఈ సంగతి చెప్పల్ల. విన్నాక కూడా కావాలంటే వాళ్లిష్టం" అన్నారు సార్ నాతో.

విడుదల రోజు ఆయన ఊళ్లో లేరు. చిత్తూరులో ఆ మోడల్‌ను అందరికంటే ముందు అమ్మినవాళ్ల ఫోటో తీసి పై ఆఫీసుకు పంపిస్తానని కంపెనీ మనిషి నన్ను ఊరించాడు. సరిగ్గా అప్పుడే రుక్మిణి టీచర్ వచ్చారు. ఏళ్ల తరబడి మా షాపు తప్ప ఇంకోటి ఎరగని మనిషి.

"బాగుండాదా సుజాతా? మా అమ్మ పుత్తూరులో ఒక్కతే ఉండాది. ఫోను సరిగ్గా పనిచేయల్ల."

"సూపర్‌గా ఉండాది మేడమ్" అన్నాను. ఆ ఫోటోలో నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

వారం తిరక్కుండానే ఆమె ఆ ఫోను తెచ్చి సార్ ముందు పెట్టారు. తల్లి పెరట్లో జారిపడి తుంటి విరిగిందట. పక్కింటివాళ్లు ఎన్నిసార్లు చేసినా సంచిలో ఫోను మోగలేదట. కూతురు వస్తే గానీ కదలనని మొండికేసి, ఆ ముసలామె సాయంత్రందాకా నేలమీదే పడి ఉందట.

సార్ నావైపు తిరిగారు. "నువ్వు చెప్పినావా?"

"చెప్పినాను సార్."

"మా పిల్ల చెప్పిందంట కదమ్మా" అన్నారాయన టీచర్‌తో, నెమ్మదిగా. ఆమె నన్ను ఒక్కసారి చూసి వెళ్లిపోయారు. మళ్లీ మా షాపు మెట్లెక్కలేదు. అప్‌డేట్ చెప్పిన రోజుకే వచ్చింది, ఆ ఫోన్లన్నీ చక్కగా మోగాయి. నాకు మాత్రం నోరు పెగల్లేదు.

సార్ పోయారని తెలిసి నిరుడు చిత్తూరు వెళ్లాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆ టీచరమ్మ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, నాకెవురూ ఏమీ చెప్పలేదనింది. ఈయన పుత్తూరు పోయి, ఆ ముసలామె మంచం కాడ కూసోని, తప్పు నాదేనని చెప్పి వచ్చినాడు."

"మరి నన్నొక్క మాటా అనలేదేమమ్మా?"

"ఆ పిల్లే చెప్తాది సూడు, అనేవాడు. ఇంటికి వస్తానే నేను రోజూ అడుగుతా ఉంటి, చెప్పిందా అని. కొన్నాళ్లకు నేనే అడిగేది మానేస్తి."

ఇప్పుడు నా షాపులో ఏ ఫోనుకు ఏ లోపమున్నా అడక్కముందే చెప్తాను. కొందరు పక్క షాపుకు వెళ్లిపోతారు, పోనీ. అయినా నా మనసేమీ తేలికపడలేదు. ఆ సంగతి జరిగాక ఇంకా మూడేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఆ మూడేళ్లూ, పొద్దున నేను షాపులో అడుగుపెట్టగానే, "ఏం సుజాతా, ఏమన్నా చెప్పేదుండాదా?" అని అడిగేవారు. సరుకు గురించి అడుగుతున్నారనుకుని, "ఏమీ లేదు సార్" అనేదాన్ని.