పప్పుచారు ఆంటీ ముందే చెప్పిన ముగింపు

ఆ రోజుల్లో నా ధైర్యమంతా దుప్పటి లోపలే ఉండేది. క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకుంటూ, అక్కడి రిక్కార్టన్ పేటలో పప్పుచారు ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను (ఆ పేరు నేను పెట్టిందే, ఆవిడకు తెలిస్తే పప్పుచారు ఆగిపోయేది). నా మనసు అబ్బాయిల వైపే పోతుందని ఈ దేశంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చలికాలం ఆదివారాల్లో ఆంటీ గుడికి వెళ్లగానే హీటర్ వేసుకుని, కిటికీ అవతల పొగమంచులో ఇళ్లు కరిగిపోతుంటే, ఆవిడ టీవీలో ఒక సిరీస్ చూసేవాణ్ణి. అందులో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, ఒకడు బస్సు డ్రైవరు, ఒకడు నర్సు. డ్రైవరు అట్లు వేస్తుంటే నర్సు వెనక నుంచి అతని భుజం మీద గడ్డం ఆనించి కబుర్లు చెప్పేవాడు. అంతే. ఎవరూ వెక్కిరించరు, ఎవరూ తిట్టరు. వాళ్ల రంగు నాది కాదు, ఊరు నాది కాదు, అయినా ఆ వంటగదిలో ఓ మూల నేనూ కూర్చున్నట్టే ఉండేది.

ఆరో ఎపిసోడ్‌లో నర్సుకి ఏదో జబ్బని తేలింది. ఠక్కున ఆపేశాను. మాలాంటివాళ్లను తెర మీదికి తెచ్చేది నవ్వించడానికి, లేదంటే చంపడానికి. అందులోనూ నల్లవాడైతే ముందు వాడే పోతాడు. ఎన్ని చూడలేదూ!

వారం తిరక్కుండానే, అన్నం వడ్డిస్తూ ఆంటీ అంది: "ఒరేయ్ నాయనా, టీవీలో నువ్వు సగంలో వదిలేసిన ఆ సిరీస్ నేను చూశాను."

నా గుండె జారి పప్పుచారులో పడింది. (ఎవరు ఏది ఎక్కడ ఆపారో టీవీ గుర్తుపెట్టుకుంటుందని, కంప్యూటర్లు చదివే నాకు తట్టనేలేదు.) ఇక గది పోయినట్టే, మనవాళ్లందరికీ తెలిసిపోయినట్టే. మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను.

"ఫ్రెండెవడో చూడమంటేనూ, ఆంటీ..."

"ఎవరు చూడమంటే నాకేం? ఆ డ్రైవరబ్బాయికి అట్టు తిరగేయడం చేతకాదుగానీ, పిల్లాడు బంగారం!"

ఆంటీకి ఓ అలవాటుంది. ముగింపేమిటో ముందే కనుక్కోనిదే ఏ సీరియలూ మొదలుపెట్టదు. ఏడుపుగొట్టుదైతే దాని జోలికే పోదు. ఈసారి అడగడానికి ఎవరూ లేక, గుండె చిక్కబట్టుకుని చివరిదాకా తనే చూసిందట.

"ఎవరూ చావర్రా. జబ్బు నయమవుతుంది, ఇద్దరూ ఇల్లు కొనుక్కుంటారు," అని ఇంకో గరిటె పోసింది. పోసి, నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వూ భయపడకు."

ఆ పూట అన్నంలో ఉప్పు కాస్త ఎక్కువైంది, అది ఆంటీ వేసింది కాదు.

ఇప్పుడు వెల్లింగ్టన్‌లో, మా ఇంట్లో ఆదివారం అట్లు నా వంతు (మాడతాయి). భుజం మీద ఒక గడ్డం వచ్చి ఆనినప్పుడల్లా, ఆరో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయిన ఆ పిరికి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఓసారి వెళ్లి వాడికీ ముగింపు ముందే చెప్పి రావాలనిపిస్తుంది.