ముద్దాయి బోనులో సాయంత్రం క్లాసులు

ఆవిడకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉండే ఉంటుంది. లా కాలేజీలో మాత్రం దాన్ని ఎవరూ వాడరు. అందరికీ ఆవిడ 'ఆధారం మేడం'. చెప్పే పాఠం సాక్ష్యాధారాల చట్టం కావడం ఒక కారణం. ఎవరేం చెప్పినా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "ఆధారం?" అని అడగడం అసలు కారణం. బస్సు ఆలస్యమైందండీ అంటే ఆధారం. ఒంట్లో బాగోలేదండీ అంటే ఆధారం. ఇంట్లో మొగుడు "కూర బాగుంది" అన్నా అదే ప్రశ్న. ఆయన మారు మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేసి చూపిస్తాడు.

ఆ మొగుడు దర్జీ. కోర్టు గేటుకు ఎదురుగా దుకాణం. నల్లకోట్లు, గౌన్లు కుట్టడంలో ఆయనకు ఆయనే సాటి. పెళ్లయిన కొత్తలో ఆవిడ కూడా అక్కడే కూర్చుని కాజాలు కుట్టేది. కొలతలకు వచ్చిన లాయర్లు అద్దం ముందు చేతులు చాపుకుని నిలబడి, అవతలి లాయరును ఎలా మట్టికరిపించారో గొప్పగా చెప్పుకునేవారు. ఆవిడ పంటితో దారం తెంపుతూ అంతా వినేది. ఒకరోజు ఉండబట్టలేక, "మరి ఆయన సంతకం పెడుతుంటే ఎవరు చూశారండీ?" అని అడిగేసింది. ఆ లాయరు పగలబడి నవ్వి, "ఆ ముక్క అవతలివాడు అడగలేదు గనకే గెలిచానమ్మా" అన్నాడు. ఆ వారమే మొగుడు ఆమెను వెంటబెట్టుకుని లా కాలేజీకి వెళ్లి, "మా ఆవిడ నోరు దుకాణంలో పట్టడం లేదు సార్, మీరే చదువు చెప్పండి" అన్నాడు. అప్పటికి గడువు దాటిపోయింది. అయినా ఒక కుర్ర లెక్చరరు పట్టుబట్టి, ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, సాయంత్రం క్లాసుల్లో ఆమెకు సీటు ఇప్పించాడు.

ఆ కుర్ర లెక్చరరు ఇప్పుడు ప్రిన్సిపాలు. కాజాలు కుట్టిన ఆ అమ్మాయి ఇప్పుడు అదే సాయంత్రం డిపార్ట్‌మెంటుకు పెద్ద దిక్కు.

సాయంత్రం డిపార్ట్‌మెంటంటే కాలేజీలో అందరికీ కాస్త చిన్నచూపే. పగటి క్లాసులవాళ్లు ఖాళీ చేసి పోయిన గదులు, వాళ్లు తుడవకుండా వదిలేసిన బోర్డులు వీళ్ల పాలిటివి. వచ్చేవాళ్లంతా పగలు ఎక్కడో ఒకచోట ఒళ్లు వంచి పనిచేసినవాళ్లు. అంబులెన్సు డ్రైవరు యూనిఫాంతోనే వస్తాడు. నర్సు మొదటి క్లాసులో కునుకు తీసి, రెండో క్లాసులో ప్రశ్నలతో అందరి ప్రాణాలూ తోడేస్తుంది. ఉద్యోగం ముగించుకున్న పోస్ట్‌మాన్ ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ తాతగారంటారు, ఆయన మాత్రం అందరినీ 'ఏమండీ విద్యార్థీ' అంటాడు.

ఈ డిపార్ట్‌మెంటులో మరెక్కడా లేని పద్ధతి ఒకటి ఉంది. ఆవిడ పెట్టిందే. విద్యార్థులు ఉత్తుత్తి కేసులు వాదించే మూట్ కోర్టు హాల్లో, కేసు చదివాక ఆవిడ ఒక్కొక్కరినీ అడుగుతుంది: "న్యాయం ఎవరి పక్షాన ఉందనుకుంటున్నావు?" వాది పక్షాన ఉందన్నవాళ్లు ప్రతివాది తరఫున వాదించాలి. ప్రతివాదిది అన్నవాళ్లు వాది తరఫున. నమ్మినదాని వైపు వాదించకూడదు, అంతే. కోటు తిరగేసి చూస్తే తప్ప కుట్టు గట్టిదో కాదో తెలియదని మొగుడు దుకాణంలో చెప్పే మాట ఆవిడ బుర్రలో అలా స్థిరపడిపోయింది. మొదట్లో పిల్లలు గోల పెట్టేవారు. పోనుపోను అలవాటైపోయింది, ఎంతగా అంటే ఇళ్లలో కూడా అలాగే వాదించి తిట్లు తింటున్నారని వినికిడి.

ఇలా సాగుతుండగా కాలేజీకి గుర్తింపు పరీక్ష వచ్చిపడింది. బయటినుంచి ఒక కమిటీ వచ్చి, ప్రతి డిపార్ట్‌మెంటునూ చూసి గ్రేడు ఇస్తుంది. దానికి ముందు డిపార్ట్‌మెంటు తన పోయిన ఏడాది మంచిచెడ్డలు తానే రాసుకుని, తనకు తానే మార్కులు వేసుకుని నివేదిక పంపాలి. గ్రేడు మరీ తక్కువైతే సాయంత్రం క్లాసులు ఎత్తేస్తామని పైవాళ్లు ముందే తేల్చి చెప్పారు.

ప్రిన్సిపాలు ఆవిడను గదికి పిలిచాడు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. ఆ ఉచిత సలహా కేంద్రం ఒక్కటే చిక్కు. నడుస్తోందని రాసెయ్."

వారానికో సాయంత్రం, డబ్బు పెట్టి లాయరు దగ్గరికి వెళ్లలేనివాళ్లు వచ్చి సందేహాలు అడిగే గది అది. పోయిన ఏడాది పగటి డిపార్ట్‌మెంటువాళ్లు విరిగిన బెంచీలు పెట్టుకోవడానికి రెండు రోజులు ఇమ్మన్నారు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తికాలేదు.

"నడవడం లేదు కదా సార్" అంది ఆవిడ.

"ఒకప్పుడు నడిచింది. రేపు మళ్లీ నడుస్తుంది. మధ్యలో కాస్త ఆగింది, అంతేగా?"

"కమిటీ ఆధారం అడిగితే?"

"అడగరమ్మా. అందరూ నీలాగే ఉంటారేంటి?" అని నవ్వాడు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "ఆ క్లాసుల్లో నీకు సీటు కోసం నేనెంత తిరిగానో నీకు తెలుసు. అవి మూతబడితే నాకు మాత్రం బాగుంటుందా? మంచికే చెబుతున్నాను."

ఆయన అబద్ధాలకోరు కాదు. భయపడుతున్నాడు. అది తెలుసు గనకే ఆవిడకు ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. కాని తన కేసుకు తానే జడ్జిగా కూర్చోకూడదని ఏళ్ల తరబడి గొంతు చించుకుని చెప్పిన మనిషి, తనకు తాను మార్కులు ఎలా వేసుకుంటుంది? రెండు రోజులు ఆలోచించి, తనకు తెలిసిన దారే పట్టింది. డిపార్ట్‌మెంటును ముద్దాయిని చేసి మూట్ కోర్టులో విచారణ పెట్టింది.

తాతగారిని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టింది. "ఎవరు ఎటువైపో మీలో మీరే తేల్చుకోండి" అని చెప్పి, కాగితాలు తెచ్చుకోవడానికి స్టాఫ్ రూముకు వెళ్లింది. తిరిగొచ్చి చూసింది. కుర్చీలన్నీ నేరం మోపే వైపే ఉన్నాయి. డిపార్ట్‌మెంటు తరఫున వాదించే బల్ల దగ్గర ఒక్క పురుగు లేదు.

"ఇటువైపు ఎవరూ లేరా?"

అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు. నర్సు మాత్రం పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చుంది.

చేసేది లేక ఆవిడే ఆ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. తన చెమటా తన రక్తమూ పోసి పెంచుకున్న డిపార్ట్‌మెంటును వెనకేసుకొచ్చే దిక్కే లేకపోయిందనుకుంది. కాని తాతగారు బల్ల మీద చేత్తో చరిచేశాడు. విచారణ మొదలైంది.

అంబులెన్సు డ్రైవరు లేచాడు. "ముద్దాయి మా పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చేలోగా మళ్లీ పరీక్షలు వచ్చేస్తున్నాయి. ఒప్పుకుంటారా?"

"అబ్జెక్షన్! ఇది వినికిడి సాక్ష్యం."

"వినికిడి కాదండీ, నా పేపరే" అని ఎర్ర సిరా పడని కాగితం ఎత్తి చూపించాడు. తాతగారు అబ్జెక్షన్‌ను కొట్టేశాడు.

తరువాత నర్సు.

"సలహా కేంద్రం ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు?"

"పోయిన ఏడాది వేసవి సెలవులకు ముందు."

"ఆ తరువాత అక్కడికి వచ్చినవాళ్లు ఏమయ్యారు?"

"తలుపు చూసి వెళ్లిపోయి ఉంటారు."

"తాళం ఎవరి దగ్గర ఉంది?"

"నా దగ్గరే."

"మరి తెరవనిది ఎవరు?"

ఆవిడ పగటి డిపార్ట్‌మెంటును తిట్టవచ్చు, బెంచీల మీదికి నెట్టవచ్చు. నెట్టలేదు. "నేనే" అంది.

"ఇంకేమీ అడగను" అని నర్సు కూర్చుంది.

తాతగారు గొంతు సవరించుకుని, తీర్పు కమిటీ వచ్చి వెళ్లాకే చెబుతానని వాయిదా వేశాడు.

ఆవిడ తిన్నగా దుకాణానికి వెళ్లి, మొగుడి పక్కన స్టూలు లాక్కుని కూలబడింది. ఆయన ఒక గౌనుకు ఇస్త్రీ చేస్తున్నాడు.

"ఒక్కళ్లంటే ఒక్కళ్లు నా వైపు నిలబడలేదండీ."

"సర్లే. బాగా అడిగారా?"

"బాగానా! ఆ నర్సు నన్ను ఊపిరి తీసుకోనిస్తేగా! ఒక్క ప్రశ్న దండగ చెయ్యలేదు. మెల్లిగా తాళం దాకా లాక్కొచ్చింది, అక్కడ ఠక్కున ఆపేసింది. నేనైనా ఇంకో రెండు అడిగి పాడుచేసుకునేదాన్ని. అది ఆపేసిందండీ!"

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "ఏడుస్తున్నావా, మురిసిపోతున్నావా లాయరమ్మా?"

"రెండూ" అంది ముక్కు చీదుతూ.

నివేదిక ఆ వారమే రాసేసింది. సలహా కేంద్రం దగ్గర: మూతబడింది, తప్పు మాదే, మార్కులు సున్నా. పేపర్లు దిద్దడంలో ఆలస్యం దగ్గర: నిజమే. విద్యార్థులకు ప్రశ్నించడం నేర్పడం అన్నచోట మాత్రం సంకోచించకుండా నిండు మార్కులు వేసుకుంది. ఆధారంగా ఆ విచారణనంతా అక్షరం వదలకుండా టైపు చేయించి జతపరిచింది.

ప్రిన్సిపాలు చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదమ్మా!" అన్నాడు. తరువాత కలం తీసి సంతకం చేశాడు. "నిన్ను చేర్చుకున్నది నేనే. అనుభవించాలిగా" అన్నాడు. ఆ మాటకు ఆవిడ కళ్లు చెమర్చాయి.

ఈలోగా ఆదివారం నాడు డ్రైవరూ, నర్సూ, మిగతావాళ్లూ కూడి విరిగిన బెంచీలను బయటికి మోశారు. గోడలు కడిగారు, తలుపు తీశారు. రెండు వారాలు తిరిగేసరికి బల్ల ముందు జనం వరసకట్టారు. "ఇప్పుడు నడుస్తోందిగా, ఆ సున్నా కొట్టెయ్" అని ప్రిన్సిపాలు ఆశగా అడిగాడు. నివేదిక పోయిన ఏడాదిది సార్, ఈ ఏడాది మంచిపని దాని ఖాతాలో ఎలా వేస్తామని ఆవిడ ససేమిరా అంది. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు ఆ దర్జీకి దండం పెట్టాలని ఆయన తరువాత ఎవరితోనో అన్నాడట.

కమిటీ వచ్చింది. దాని అధ్యక్షుడు చేతికర్రతో నడిచే ముసలి ప్రొఫెసరు. కారిడార్లో వస్తూ సలహా కేంద్రం ముందు ఆగి, లోపలి జనాన్ని చూశాడు.

"మీరు దీనికి సున్నా వేసుకున్నారే?"

"అది పోయిన ఏడాదికండీ. అది సున్నాయే."

ఆయన మూట్ కోర్టు హాల్లోకి వచ్చి, జతపరిచిన కాగితాలు తీశాడు. "ఇందులో నర్సు ఎవరు?" నర్సు లేచి నిలబడింది. "ఏదీ, నన్నో ప్రశ్న అడుగమ్మా" అన్నాడు సరదాగా.

నర్సు ఒక్క క్షణం ఆలోచించింది. "మీ కాలేజీలో సలహా కేంద్రం నడుస్తోందా సార్?"

ముసలాయనకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. తక్కిన కమిటీవాళ్లు బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతుక్కున్నారు. "మంచినీళ్లివ్వండి" అని, తాగి, "నడవడం లేదమ్మా. వెళ్లగానే తలుపు తీయిస్తాను" అన్నాడు. ఆధారం మేడం మొహం చూడాలి అప్పుడు! కన్నకూతురు పరుగుపందెంలో గెలిచినా అంతకంటే పొంగిపోయేది కాదు.

గ్రేడు వచ్చింది. గొప్పదేం కాదు, మధ్యస్థం. సున్నా సున్నాగానే ఉంది. కాని సాయంత్రం క్లాసులు నిలిచాయి. ప్రిన్సిపాలు ఆ కబురు చెప్పడానికి ఫోను చెయ్యకుండా, మెట్లెక్కి ఆయాసపడుతూ తానే వచ్చాడు.

ఆ సాయంత్రం తాతగారు మళ్లీ జడ్జి కుర్చీ ఎక్కాడు. కుర్చీలన్నీ మునుపటిలాగే ఒకవైపు ఉన్నాయి, ఆవిడ ఒక్కతే రెండోవైపు.

"ముద్దాయి మీద మోపిన నేరాలన్నీ రుజువయ్యాయి" అన్నాడు తాతగారు. "శిక్ష యావజ్జీవం. బతికున్నన్నాళ్లూ ప్రతి సాయంత్రం ఈ డిపార్ట్‌మెంటు తెరిచే ఉండాలి. పేపర్లు నెలలోగా దిద్దాలి. అప్పీలు లేదు."

హాలు గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వింది. నవ్వు ఆగాక, అన్నాళ్లూ ముల్లులా గుచ్చుతున్నదాన్ని అడిగేసింది.

"శిక్ష సరే. నాకొకటి చెప్పండి. ఆ రోజు ఒక్కరు కూడా ఇటువైపు ఎందుకు రాలేదు? నేనేం తప్పు చేశాను?"

డ్రైవరు బిత్తరపోయాడు. "అదేంటి మేడం, మీ రూలే కదా! నమ్మినదాని వైపు వాదించకూడదని. తేల్చుకోండి అంటే తేల్చుకున్నాం. డిపార్ట్‌మెంటు మంచిదే అని అందరం అనుకున్నాం. మరి అటు ఎవరు వస్తారు?"

ఆవిడ నలుగురి ముందూ తాను పెట్టిన రూలును తానే మరిచిపోయింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసింది.

"అంటే, ఆ రోజు దీని మీద నమ్మకం లేక ఇటువైపు నిలబడింది నేనొక్కదాన్నేనన్నమాట" అంది.

కాదని ఎవరూ అనలేదు. రూలు రూలే మరి.

ఆవిడ తన కుర్చీ తానే ఎత్తుకుని హాలు దాటించింది. డ్రైవరు సాయానికి లేవబోతే వద్దంది. నర్సు జరిగి చోటిచ్చింది. వాళ్ల మధ్య కుర్చీ వేసుకుని, ఆవిడ తాతగారి వైపు తిరిగి చెయ్యెత్తింది.

"ముద్దాయి మీద ఇంకో నేరం కూడా రాసుకోండి. పగటివాళ్లు బోర్డు తుడవకుండా పోతుంటే ఇన్నేళ్లూ నోరు మూసుకుంది."