లైసెన్సుకు పెట్టిన బొట్టు

మా ముసలాయన బీరప్ప గొర్రెల కాపరి. నందికొండలో కూలికి పోయినప్పుడు ఒక ఇంజనీరు ఇంట్లో హ్యామ్ రేడియో చూశాడు. అది పాటలొచ్చే రేడియో కాదు. ఇటు మనం పిలిస్తే అటెవరో పలుకుతారు. ఆ పిచ్చి మళ్లీ దిగలేదు. పరీక్ష రెండుసార్లు తప్పాడు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, యాభై రెండేళ్లకు పాసై లైసెన్సు తెచ్చాడు. మా దిక్కున ఆ డబ్బా పెట్టిన మొదటి మనిషి ఆయనే. ఇంట్లో ఉప్పు నిండుకున్నది తెలియదు గానీ శ్రీలంకలో వాన పడిందని చెప్పేవాడు.

దసరాకు మా ఇంట్లో గొడ్డలికీ, గొర్రెల బొచ్చు తీసే కత్తెరకూ బొట్టు పెడతాం. ఆయన మొహం చూసి డబ్బాకూ, దాని లైసెన్సుకూ పెట్టాను. నాకు చదువెక్కడిది? సర్కారు ముద్ర మీద పడకుండా చూసి, మిగతా చోట బొట్టు పెట్టాను. ఏడు దసరాలు అలాగే పెట్టాను.

ఎనిమిదో ఏడు వాన ఆలస్యమైంది. మా వేపచెట్టుకు కట్టిన డబ్బా తీగ మబ్బులను తరుముతోందని పక్కింటి పర్వతాలు ఠాణాలో చెప్పాడు. ఎస్సై వచ్చాడు.

"లైసెన్సున్నదా పెద్దమనిషీ? లేకుంటే డబ్బా తీస్కపోత."

ఆయన కాగితం తెచ్చాడు. పేరు మీద పసుపు, నంబరు మీద కుంకుమ గడ్డకట్టాయి. అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ నంబరులో ఆఖరి రెండక్షరాలే కనిపిస్తున్నాయి.

"గిదేంది?"

"బొట్టు సారూ," అన్నాను.

తడి కొంగుతో తుడవబోయాను.

"ముట్టకే, సిరా పోతది," అన్నాడు మా ఆయన. పోయి డబ్బాకు అడ్డంగా నిలబడ్డాడు. డబ్బా పోతే ఈ మనిషి మిగలడని నాకప్పుడు అర్థమైంది.

"కాగితం చెప్పకుంటేంది సారూ, డబ్బా చెప్తది. జర ఇనిపోండ్రి," అన్నాను.

మా ఆయన మైకు పట్టి పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాడు. ఎస్సై లేచి తీగ చుట్టమన్నాడు. అప్పుడు పలికాడు కోస్గి ఊరి డేవిడ్. బడిపంతులు, ఈయన దగ్గరే ఈ విద్య నేర్చుకున్నాడు. అవతలివాడి నంబరు చెప్పాకే మాట కలపడం వాళ్ల పద్ధతి. మా ఆయన నంబరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పి, "బీరప్పన్నా, తిన్నవా?" అన్నాడు.

ఎస్సై కాగితం మీదికి వంగాడు. ఆఖరి రెండక్షరాలూ అవే.

"ఇంకో నకలు తెప్పించుకో. తీగ ఉండనీ," అన్నాడు. నావైపు తిరిగి, "అవ్వా, వచ్చే దసరాకు జర అంచుకు పెట్టు."

"వచ్చే దసరాకు గా పర్వతాలు నోటికి పెడత సారూ."

మా ఆయన మైకు అందుకున్నాడు.

"ఇంకా తినలే తమ్మీ. ఇప్పుడు తింట."